హైబ్రిడ్ కారు కొంటే పెట్రోల్ ఖర్చు నిజంగా తగ్గుతుందా? గాజువాక–జగదాంబ దారిలో ఒక లెక్క

విశాఖపట్నంలో మల్కాపురం వైపు వెళ్తే హెచ్‌పీసీఎల్ రిఫైనరీ చిమ్నీలు కనబడతాయి. 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలైన ఈ రిఫైనరీ, విస్తరణ తర్వాత ఏడాదికి కోటిన్నర టన్నుల ముడి చమురు శుద్ధి చేసే స్థాయికి చేరింది. పెట్రోల్ ఊళ్లోనే తయారవుతోంది కదా అని విశాఖవాసికి చౌకగా దొరుకుతుందా అంటే, లేదు. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోల్ మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయల అదనపు పన్ను, ఇంకో రూపాయి రోడ్ల సెస్సు పడుతున్నాయి. కేంద్రం వేసే సుంకం వేరే. దేశంలో పెట్రోల్ ఖరీదెక్కువ ఉన్న రాష్ట్రాల్లో మనది ఒకటి కావడానికి కారణం ఇదే. లీటరు 108 రూపాయల లెక్కన ఫుల్ ట్యాంక్ కొట్టిస్తే నాలుగైదు వేలు ఒక్కసారిగా ఎగిరిపోతాయి.

అందుకే ఈమధ్య కారు కొందామనుకునే ఇళ్లలో హైబ్రిడ్ మాట బాగా వినబడుతోంది. "లీటరుకు 28 కిలోమీటర్లంట, ఛార్జింగ్ కూడా అక్కర్లేదంట భాయ్" అని ఒకరంటారు. "బ్యాటరీ పోతే లక్షలు పెట్టాలి, జోలికి పోకు" అని ఇంకొకరంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది, కొంత లేదు. పన్నెండు పదిహేను లక్షలు దాటే నిర్ణయం కాబట్టి, షోరూమ్ మెట్లెక్కే ముందే కాస్త కూర్చుని లెక్క వేసుకోవడం మంచిది.

పేరులో హైబ్రిడ్, పనిలో కాదు

ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఎక్కువమంది మోసపోయేది, సరిగ్గా చెప్పాలంటే పొరబడేది, ఇక్కడే. మార్కెట్లో హైబ్రిడ్ అనే మాట కింద రెండు వేర్వేరు వస్తువులు అమ్ముతున్నారు.

ఒకటి మైల్డ్ హైబ్రిడ్. మారుతి దీన్ని స్మార్ట్ హైబ్రిడ్ అంటుంది. 2015లో సియాజ్ డీజిల్ కారుతో ఇది మన దగ్గర మొదలైంది, తర్వాత ఎర్టిగా లాంటి బండ్లకూ వచ్చింది. ఇందులో ఇంజన్‌కు బెల్టుతో కలిపిన ఒక చిన్న మోటారు ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజన్‌ను మళ్లీ చప్పుడు లేకుండా స్టార్ట్ చేస్తుంది, బండి కదిలేటప్పుడు కొంచెం తోస్తుంది. అంతే. ఇంజన్ ఆపేసి కేవలం కరెంటు మీద బండిని పది అడుగులు కూడా నడపలేదు. మైలేజీలో లాభం కూడా ఆ మేరకే. ఒకప్పుడు ఈ బండ్లకు కేంద్రం ఫేమ్ పథకం కింద ప్రోత్సాహకం ఇచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి ఆపేసింది.

రెండోది స్ట్రాంగ్ హైబ్రిడ్. ఇదే అసలు సరుకు. ఇందులో పెట్రోల్ ఇంజన్‌తో పాటు బండిని ఒంటరిగా లాగగల ఎలక్ట్రిక్ మోటారు, దానికో ప్రత్యేక బ్యాటరీ ఉంటాయి. పార్కింగ్‌లోంచి బయటికి తీయడం, సందులో మెల్లగా పోవడం, ట్రాఫిక్‌లో జరుగుతూ ఉండటం లాంటివన్నీ చాలాసార్లు ఇంజన్ వెలగకుండానే అయిపోతాయి. 2022లో వచ్చిన టొయోటా అర్బన్ క్రూజర్ హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, హోండా సిటీ ఈ-హెచ్‌ఈవీ ఈ రకానివి. మొదటి రెండూ పేరుకే వేరు, లోపలి యంత్రం ఒక్కటే. రెండూ తయారయ్యేది కర్ణాటకలో బిడదిలోని టొయోటా ఫ్యాక్టరీలోనే. ధ్రువీకరించిన మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు.

తిరకాసు ఏంటంటే గ్రాండ్ విటారా, హైరైడర్‌లలో మైల్డ్ వేరియంట్లూ ఉన్నాయి, స్ట్రాంగ్ వేరియంట్లూ ఉన్నాయి. బయటినుంచి చూస్తే ఒకే బండి. ధర మైల్డ్‌ది చెప్పి, మైలేజీ స్ట్రాంగ్‌ది చెబితే వినేవాడికి తేడా తెలియదు. షోరూమ్‌లో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఈ బండి ఇంజన్ ఆపేసి కరెంటు మీద నడుస్తుందా?" అవునంటే నడిపి చూపించమనండి.

ఆగిన చోటే లాభం

మామూలు పెట్రోల్ కారు పెట్రోల్‌ను ఎక్కడ వృథా చేస్తుంది? ఎక్కువగా రెండు చోట్ల. ఆగి ఉన్నప్పుడు ఇంజన్ ఊరికే తిరుగుతుంది. ఏసీ వేసుకుని నిలబడితే గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా తాగేస్తుంది. రెండోది బ్రేకు వేసినప్పుడు. పెట్రోల్ పోసి సంపాదించిన వేగమంతా బ్రేకు ప్లేట్ల దగ్గర వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది.

స్ట్రాంగ్ హైబ్రిడ్ ఈ రెండు చిల్లులనూ పూడుస్తుంది. ఆగితే ఇంజన్ ఆగిపోతుంది, ఏసీ బ్యాటరీ మీద నడుస్తుంది. బ్రేకు మీద కాలు పెడితే మోటారు జనరేటర్‌గా మారి చక్రాల వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీలోకి పంపుతుంది. పైగా వీటిలో వాడే ఇంజన్ అట్కిన్సన్ పద్ధతిలో పనిచేస్తుంది. లాగే బలం కొంచెం తక్కువ, పొదుపు ఎక్కువ. ఆ తక్కువైన బలాన్ని మోటారు పూడుస్తుంది.

ఇప్పుడు విశాఖ రోడ్డు చూడండి. కూర్మన్నపాలెం నుంచి పాత గాజువాక, కొత్త గాజువాక దాటి, షీలానగర్, ఎయిర్‌పోర్టు మీదుగా ఎన్ఏడీ చేరి, అక్కడి నుంచి కంచరపాలెం వైపో తాటిచెట్లపాలెం వైపో ఊళ్లోకి దిగాలి. స్టీల్ ప్లాంట్ షిఫ్టు వదిలే వేళ, సాయంత్రం పూర్ణా మార్కెట్, జగదాంబ వైపు రద్దీ వేళ బండి నడిచేదానికన్నా నిలబడేదే ఎక్కువ అనిపిస్తుంది. పోర్టుకు వెళ్లే లారీలు, కంటైనర్ ట్రెయిలర్లు పక్కన ఉండనే ఉంటాయి. మామూలు కారుకు ఇది నరకం. హైబ్రిడ్‌కు మాత్రం ఇదే కలిసొచ్చే చోటు. అదే కారు తీసుకుని జాతీయ రహదారి మీద విజయవాడకో శ్రీకాకుళానికో గంటకు వంద మీద పోతే ఆగడం ఉండదు, బ్రేకు ఉండదు. పనంతా ఇంజనే చేస్తుంది, లాభం తగ్గిపోతుంది. ఊళ్లో ఎక్కువ మైలేజీ, హైవే మీద తక్కువ మైలేజీ. పాత అనుభవానికి పూర్తిగా తలకిందులు. కొత్తగా కొన్నవాళ్లలో కొందరు మొదటి లాంగ్ ట్రిప్ తర్వాత "బండిలో ఏదో లోపం ఉంది" అని సర్వీస్ సెంటర్‌కు పరిగెత్తేది ఇది తెలియకే.

లెక్క

గాజువాకలో ఇల్లు, జగదాంబ దగ్గర దుకాణం ఉన్న కుటుంబం అనుకోండి. పిల్లల్ని దించడం, మధ్యలో చిన్నచిన్న పనులు కలిపి రోజుకు 40 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు. అంటే వెయ్యి కిలోమీటర్లు. ధ్రువీకరణ అంకెల్ని పక్కన పెట్టి, ఊళ్లో నిజంగా వచ్చేలా కాస్త తగ్గించి చూద్దాం. అదే సైజు మామూలు పెట్రోల్ ఆటోమేటిక్‌కు లీటరుకు 13, స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు 22.

మామూలు కారుకు నెలకు 77 లీటర్లు, 108 చొప్పున దాదాపు 8,300 రూపాయలు. హైబ్రిడ్‌కు 45 లీటర్ల పైచిలుకు, సుమారు 4,900. నెలకు మిగిలేది 3,400. ఏడాదికి 40 వేల పైన.

బాగానే ఉంది. కానీ ఒకే స్థాయి వేరియంట్లు పోల్చితే స్ట్రాంగ్ హైబ్రిడ్ ధర రెండు మూడు లక్షలు ఎక్కువ. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కూడా ధరను బట్టే పెరుగుతాయి. ఆన్‌రోడ్ తేడా 3 లక్షలు అనుకుంటే ఆ డబ్బు పెట్రోల్ రూపంలో తిరిగి రావడానికి ఏడేళ్లు దాటుతుంది. నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగేవాళ్లకైతే మూడున్నర, నాలుగేళ్లు. ఆదివారం బీచ్ రోడ్డుకు, పెళ్లిళ్లకు మాత్రమే బండి తీసి నెలకు 500 దాటనివాళ్లకు దాదాపు పదిహేనేళ్లు పడుతుంది. అప్పటికి బండి ఉంటుందో లేదో!

ఇంకో సంగతి. ఆ 3 లక్షల తేడాను కూడా బ్యాంకు లోన్‌లో కలిపి 9 శాతం మీద అయిదేళ్లకు తీసుకుంటే, దాని ఒక్కదాని వడ్డీయే 73 వేల పైన అవుతుంది. అంటే దాదాపు 22 నెలల పెట్రోల్ ఆదా వడ్డీకే పోయింది. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలు ఎలాగూ ఈ దారి పట్టరు. చేతిలో ఉన్నంతలో, చిట్టీ ఎత్తుకునో పాత బండి అమ్మేసో కొంటారు. అలాంటివారు అడగాల్సింది హైబ్రిడ్ మంచిదా కాదా అని కాదు. అదనంగా పెట్టే 3 లక్షలు ఇంకో పనికి, దుకాణంలో సరుకుకో పిల్ల కాలేజీ ఫీజుకో, ఎక్కువ అవసరమా అని.

డబ్బు మిగిల్చడమొక్కటే లక్ష్యమైతే, నిజానికి చిన్న కారే గెలుస్తుంది. సెలెరియో, స్విఫ్ట్ లాంటి తేలికపాటి బండ్లు ఏ మోటారూ లేకుండానే ధ్రువీకరణలో 25, 26 కిలోమీటర్లు చూపిస్తున్నాయి. వ్యాగన్ఆర్ సీఎన్జీ కిలోకు 34 అంటోంది. ఊళ్లో అవి చూపినంత రావు, సరే. 18 వచ్చినా, అదే వెయ్యి కిలోమీటర్లకు ఖర్చు 6,000. హైబ్రిడ్ కన్నా నెలకు 1,100 ఎక్కువ, కానీ కొనేటప్పుడు పెట్టేది సగం కన్నా తక్కువ. హైబ్రిడ్‌కు అర్థం ఉండేది అయిదుగురు సౌకర్యంగా కూర్చునే పెద్ద ఆటోమేటిక్ బండి ఎలాగూ కావాలి, రోజూ ఊళ్లో బాగా తిరగాలి, పదేళ్లు ఉంచుకోవాలి అనుకునేవారికే. ఏడెనిమిది మంది ఉండే ఇళ్లకు 23.24 మైలేజీ చెప్పే ఇన్నోవా హైక్రాస్ ఉంది గాని, ఆ ధర వేరే లోకం.

చిన్న హైబ్రిడ్ ఎందుకు లేదు?

జపాన్‌లో ఉంది. టొయోటా యారిస్ హైబ్రిడ్ అక్కడి పరీక్షలో లీటరుకు 36 కిలోమీటర్లు ఇచ్చింది. హైబ్రిడ్లకు పేరు తెచ్చిన ప్రియస్ 1997 డిసెంబర్‌లోనే జపాన్ రోడ్లెక్కింది. దుబాయ్‌లో టాక్సీ ఎక్కినవాళ్లకు, అక్కడ నడిపి వచ్చిన మన పిల్లలకు క్యామ్రీ హైబ్రిడ్ కొత్తేమీ కాదు. రోజంతా ఏసీ వేసుకుని ఊళ్లో తిరిగే బండికి ఇంజన్ ఆపగలగడం ఎంత లాభమో టాక్సీ నడిపినవాడికే బాగా తెలుస్తుంది.

మన దేశంలో కథ పన్నుల దగ్గర చిక్కుకుంది. హోండా 2008లో సివిక్ హైబ్రిడ్‌ను 21 లక్షల పైన ధరకు తెచ్చింది, కొన్నవాళ్లు తక్కువ. 2010లో ప్రియస్ వచ్చింది, విదేశం నుంచి దిగుమతి కావడంతో దాని ధర ఇంకా ఎక్కువ. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు హైబ్రిడ్ల మీద మొత్తం పన్ను దాదాపు 30 శాతం నుంచి 43 శాతానికి ఎగిరింది. పెద్ద లగ్జరీ కార్లతో ఒకే గాటన కట్టేశారు. ఎలక్ట్రిక్ కారుకు మాత్రం అప్పుడు 12 శాతమే, ఇప్పుడైతే 5 శాతమే.

2025 సెప్టెంబర్ 22 నుంచి లెక్క మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోల్ ఇంజన్ ఉంటే హైబ్రిడ్ అయినా 18 శాతమే. దాటితే 40. ఇప్పుడు అమ్ముడవుతున్న స్ట్రాంగ్ హైబ్రిడ్లన్నీ 1,490 సీసీ పైన, నాలుగు మీటర్లకు మించినవి కాబట్టి 40 శాతంలోనే ఉన్నాయి. నాలుగు మీటర్ల లోపు నిజమైన చిన్న హైబ్రిడ్ ఎవరైనా తెస్తే పన్ను సగానికన్నా తక్కువ పడుతుంది. తొందర లేనివాళ్లు ఆగి చూడటంలో తప్పు లేదు.

ఎలక్ట్రిక్ కారే కొనొచ్చు కదా అంటే, సొంత పార్కింగ్, అక్కడ ప్లగ్ పాయింట్ ఉన్నవాళ్లకు అది చాలాసార్లు ఇంకా చౌక. పాతపట్నంలో దర్గా కొండ చుట్టుపక్కల సందుల్లో, అల్లిపురం ఇరుకు వీధుల్లో బండి రోడ్డు మీదే పెట్టుకునేవాళ్లు రాత్రంతా తీగ ఎక్కడ లాగుతారు? హైబ్రిడ్‌కు ప్లగ్గే లేదు. దాని కరెంటు మొత్తం పెట్రోల్ నుంచి, బ్రేకు నుంచి వచ్చేదే.

నడపడంలో తేడా

హైబ్రిడ్ ఎక్కిన కొత్తలో అందరూ చేసే పని, ట్రాఫిక్‌లో ఆగగానే న్యూట్రల్‌లో వేయడం. పాత అలవాటు. ఈ బండ్లలో న్యూట్రల్‌లో బ్యాటరీ ఛార్జ్ కాదు. ఏసీ మాత్రం దాన్ని తాగుతూనే ఉంటుంది. డి లోనే ఉంచి బ్రేకు నొక్కి పట్టుకోవాలి. దిగుడులో న్యూట్రల్ చేసి జారిపోవడం అసలు వద్దు, అది ఏ బండికైనా ప్రమాదమే. బ్రేకు దూరం నుంచే మెల్లగా నొక్కితే వేగం కరెంటుగా మారుతుంది. ఆఖరి నిమిషంలో గట్టిగా తొక్కితే మామూలు బ్రేకులే పనిచేస్తాయి, ఆ శక్తి వృథా.

అరకు ఘాట్ దగ్గర ఇంకో పాఠం. గ్రాండ్ విటారా, హైరైడర్‌ల బ్యాటరీ చాలా చిన్నది, 0.76 యూనిట్. మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే ఇది. కుటుంబంతో కలిపి 1,600 కిలోల బండి 900 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 4 యూనిట్లు. ఆ బ్యాటరీలో పట్టేది అందులో పిసరంత. కాబట్టి ఘాట్ దిగడం మొదలుపెట్టిన కాసేపటికే అది నిండిపోతుంది, ఆ తర్వాత మోటారు బ్రేకు సాయం తగ్గిపోతుంది. అక్కడ లివర్‌ను బి లోకి వేస్తే ఇంజన్ బండిని పట్టి ఉంచుతుంది. ఇంజన్ గట్టిగా అరుస్తుంది, కంగారు పడక్కర్లేదు. బ్రేకులు వేడెక్కకుండా ఉండటానికే అది. కైలాసగిరి లాంటి చిన్న కొండ దిగుడుకు ఇంత అవసరం పడదు.

ఇంట్లో పిల్లలుంటే మరో జాగ్రత్త. బండి ఆన్‌లో ఉన్నా చప్పుడుండదు. డ్యాష్‌బోర్డు మీద రెడీ అనే గుర్తు వెలుగుతుంటే ఆక్సిలరేటర్ తాకగానే కదులుతుంది. ఆఫ్ చేశామనుకుని దిగిపోయి, పిల్లల్ని లోపల వదలడం చాలా ప్రమాదం. సందుల్లో నడిచే పెద్దవాళ్లకు బండి వస్తున్నట్టు వినబడదు, అది కూడా గుర్తుండాలి.

ఉప్పు గాలి, నల్ల దుమ్ము, వరద నీళ్లు

బ్యాటరీ చల్లబడటానికి గాలి కావాలి. చాలా మోడళ్లలో ఆ గాలి తీసుకునే జాలీ వెనక సీటు దగ్గరో డిక్కీ దగ్గరో ఉంటుంది. బియ్యం బస్తాలు, పెళ్లి సామాను దాని మీద పేర్చేస్తే బ్యాటరీ వేడెక్కుతుంది. పోర్టు చుట్టుపక్కల వీధుల్లో బొగ్గు దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. ఉదయం తుడిచిన బానెట్ సాయంత్రానికి నల్లబడుతుంది. అదే దుమ్ము ఆ ఫ్యాన్ ఫిల్టర్‌లోనూ చేరుతుంది. ప్రతి సర్వీసులో ఆ ఫిల్టర్ తీసి శుభ్రం చేశారా అని అడగాలి, అడక్కపోతే చేయకపోవచ్చు.

మామూలు బ్రేకులు తక్కువ వాడతాం కాబట్టి ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి, ఇది లాభమే. కానీ సముద్రపు ఉప్పు గాలికి, వాడకం లేని డిస్కులు తుప్పు పడతాయి. రుషికొండ, భీమిలి వైపు ఉండేవాళ్లు అప్పుడప్పుడు ఖాళీ రోడ్డు మీద కాస్త గట్టిగా బ్రేకు వేయడం మంచిది.

ఓడల మీద పనిచేసేవాళ్ల, గల్ఫ్‌లో ఉండేవాళ్ల ఇళ్లలో కారు నెలల తరబడి కదలకుండా ఉంటుంది. హైబ్రిడ్‌లోనూ మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఒకటుంటుంది. అది దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి మేల్కోదు. ఇంట్లో ఎవరైనా వారానికోసారి రెడీలో పెట్టి అరగంట నడిపితే చాలు.

ఇక వాన. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఏం చేసిందో ఈ ఊరికి చెప్పక్కర్లేదు. నీళ్లు సీటు దాకా వచ్చిన హైబ్రిడ్‌ను స్టార్ట్ చేసి చూడకూడదు. నారింజ రంగు తీగలు కనబడితే అవి హై వోల్టేజీవి, తాకకూడదు. తెలిసిన మెకానిక్ చేత కూడా విప్పించొద్దు. తాడు కట్టి లాగించడం కూడా కుదరదు. ముందు చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది. ముందు చక్రాలు పైకెత్తి గాని, లారీ మీద ఎక్కించి గాని కంపెనీ వర్క్‌షాపుకు తీసుకెళ్లాలి.

బ్యాటరీ పోతే లక్షలు అన్న భయం గురించి: టొయోటా, మారుతి రెండూ హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు వారంటీ ఇస్తున్నాయి. సెకండ్ హ్యాండ్‌లో 2022 నాటి బండి కొనేవాళ్లకు అందులో మిగిలిన కాలమే ముఖ్యం. ఆ వారంటీ తమ పేరుకు మారుతుందని కాగితం మీద రాయించుకోవాలి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ పరీక్ష చేయించి రిపోర్టు తీసుకోవాలి. సీట్ల కింద కార్పెట్ ఎత్తి బురద మరకలు, తుప్పు పట్టిన బోల్టులు ఉన్నాయేమో చూడాలి. అమ్మేవాడు కార్పెట్ ఎత్తనివ్వకపోతే బేరం అక్కడే ఆపేయొచ్చు.